సాంబా కథ: విని నేర్చుకున్న భాష



సాంబా అనగానే మనకు మొదలు యాదికొచ్చేది సాంబ మసూరి బియ్యం. సినిమాలు చూసేటోళ్లకైతే షోలేలో గబ్బర్ సింగ్ పిలిచే సాంబా. నేను చెప్పబోయేది ఈ రెండూ కాదు. ఇది ఒక సాఫ్ట్‌వేర్. వేరే వేరే రకాల కంప్యూటర్లు ఒకదాని ఫైళ్లు ఇంకోటి వాడుకునేటట్లు, ఒకే ప్రింటర్‌ను పంచుకునేటట్లు చేస్తుంది. కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

నకిరేకల్‌లో నేనుండే హాస్టల్‌లో నాలుగు పాత కంప్యూటర్లు ఉన్నయి. మూడింట్లో విండోస్. నాలుగోదాంట్లో విండోస్ నడవక లైనక్స్ వేసిన్రు. ప్రింటర్ ఒక్కటే. స్కాలర్‌షిప్ గడువు దగ్గర పడితే అందరం పెన్‌డ్రైవ్‌లు పట్టుకొని ప్రింటర్ ఉన్న కంప్యూటర్ ముందు లైన్ కట్టేది. ఒకరి పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉంటే అందరికీ అంటుకునేది. పోయినేడు నా ప్రాజెక్ట్ ఫైల్ గట్లనే పోయింది. బయట నెట్ సెంటర్‌కు పోతే పేజీ పేజీకి పైసలు. ఒక ఆదివారం సీనియర్ అన్న ఒకాయన కూసొని, నాలుగింటినీ వైర్లతో కలిపి, ప్రింటర్‌ను ఆ లైనక్స్ కంప్యూటర్‌కు తగిలించి, దాంట్లో సాంబా వేసిండు. ఇప్పుడు ఏ కంప్యూటర్‌లో నొక్కినా ప్రింట్ వస్తది. సాఫ్ట్‌వేర్‌కు ఒక్క రూపాయి పెట్టలే. "ఇది ఎవరు చేసిన్రన్నా, మనకు ఊరికెనే ఎందుకిచ్చిన్రు?" అని అడిగిన. "నువ్వే చదివి అందరికీ చెప్పు" అన్నడు. అందుకే ఈ పోస్టు.

కంప్యూటర్లకు కూడా భాషలుంటాయి. "ఈ ఫైల్ తెరువు", "ఈ కాగితం ప్రింట్ చెయ్యి" అని ఒకటి అడగాలన్నా, ఇంకోటి జవాబు చెప్పాలన్నా రెండింటికీ ఒకే భాష రావాలి. అట్లాంటి ఒక భాషకు 1980లలో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఆయన మొదటి రూపం ఇచ్చాడు. దాని పేరు సర్వర్ మెసేజ్ బ్లాక్, పొట్టిగా ఎస్‌ఎంబీ. మైక్రోసాఫ్ట్ దాన్ని తీసుకొని పెంచి విండోస్‌లో పెట్టింది. ఆఫీసులన్నీ విండోస్‌తో నిండిపోయాయి. కానీ యూనివర్సిటీల్లో పెద్ద పెద్ద మిషన్లు యూనిక్స్ మీద నడిచేవి. యూనిక్స్‌కు సొంతంగా ఈ భాష రాదు.

1991 చివర్లో ఆస్ట్రేలియాలోని క్యాన్‌బెరాలో, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పీహెచ్‌డీ విద్యార్థి ఉన్నాడు. తన టేబుల్ మీది చిన్న పీసీ నుంచి యూనిక్స్ మిషన్‌లోని ఫైళ్లు కనపడాలి. ఇదే అతని అవసరం. ఆ పీసీలో డిజిటల్ కంపెనీ వారి పాత్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఏ భాషలో మాట్లాడుతుందో చెప్పే పుస్తకం అతని దగ్గర లేదు. మరి ఏం చేశాడు? వైరులో పోయే మాటలను పట్టి చూపించే చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు. పీసీ ఏం అడుగుతోంది, సర్వర్ ఏం జవాబిస్తోంది అని చూశాడు. అట్లాగే జవాబిచ్చే ప్రోగ్రామ్ తానూ రాశాడు. 1992 జనవరిలో దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టేశాడు.

తర్వాత దాదాపు రెండేళ్లు దాని జోలికి పోలేదు. 1993 చివర్లో భార్య విండోస్ కంప్యూటర్‌ను తన లైనక్స్ కంప్యూటర్‌తో కలపాల్సి వచ్చి ఆ పాత ప్రోగ్రామ్ వేసి చూశాడు. పనిచేసింది! పాత్‌వర్క్స్ మాట్లాడేదీ, విండోస్ మాట్లాడేదీ ఒకే కుటుంబం భాష అన్నమాట. అప్పటినుంచి పని మళ్లీ మొదలైంది.

అప్పట్లో దాని పేరు ఎస్‌ఎంబీ సర్వర్. ఆ పేరు మీద హక్కు మాదని ఒక కంపెనీ అనడంతో 1994లో మార్చాల్సి వచ్చింది. ట్రిడ్జెల్ కంప్యూటర్‌లోని డిక్షనరీలో ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాటలు వెతికాడు. దొరికిన వాటిలో ఒకటి సాంబా, బ్రెజిల్ నాట్యం పేరు. అదే ఖాయమైంది.

తాను నేర్చుకున్న తీరును ట్రిడ్జెల్ ఫ్రెంచ్ కేఫ్ పద్ధతి అంటాడు. ఫ్రెంచ్ రాని మనిషి ఫ్రాన్స్‌లో హోటల్‌లో కూర్చొని, ఎవరు ఏమడిగితే సర్వర్ ఏం తెచ్చిస్తున్నాడో చూస్తూ ఒక్కొక్క మాట నేర్చుకున్నట్లు అని.

ఇది చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయిన. ఈ పద్ధతి మనకు కొత్తనా? ఒకటో తరగతిలో నాకు తెలుగు రాదు. తాండాలో అందరం మన గోర్ బోలీనే మాట్లాడేది. ఆకలైతే "బాటి" అంటే సారుకు సమజ్ కాకపోయేది. పక్క పిల్లగాడు ఏమంటే సారు ఏమిస్తుండో చూసి, అదే మాట నేనూ అన్న. మనలో ఎందరో తెలుగు నేర్చుకున్నది గిట్లనే. ఎదుటోడు మన భాష నేర్చుకోడు, మనమే వాడి భాష నేర్చుకోవాలె. సాంబా పరిస్థితి కూడా అంతే. విండోస్ ఏమీ మారలేదు. సాంబానే దాని భాష నేర్చుకుంది. కొత్త విండోస్ వచ్చినప్పుడల్లా కొత్త మాటలు. జెరెమీ అలిసన్ లాంటివాళ్లు వచ్చి చేరారు. మళ్లీ వినడం, మళ్లీ నేర్చుకోవడం.

విని నేర్చుకోవడం గొప్పే. కానీ ఎప్పటికీ అట్లనే నేర్చుకోవాలనడం న్యాయమా? ఈ ప్రశ్న యూరప్‌లో పెద్ద కేసైంది. 1998లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ ఫిర్యాదు చేసింది. ఇతరుల సర్వర్లు విండోస్‌తో మాట్లాడటానికి కావలసిన వివరాలు ఇవ్వాలని 2004 మార్చిలో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌ను ఆదేశించింది, 49.7 కోట్ల యూరోల జరిమానా కూడా వేసింది. సాంబా వాళ్లు కూడా ఈ కేసులో గట్టిగా నిలబడ్డారు. 2007 సెప్టెంబర్‌లో కోర్టు కూడా కమిషన్ పక్షానే తీర్పిచ్చింది. అదే డిసెంబర్‌లో ఒకేసారి 10,000 యూరోలు కట్టే ఒప్పందంతో ఆ పత్రాలు సాంబా వాళ్ల చేతికొచ్చాయి. 2011లో మైక్రోసాఫ్టే సాంబాకు కొంత కోడ్ రాసిచ్చింది. 2012 డిసెంబర్‌లో సాంబా 4 వచ్చింది. ఒక ఆఫీసులోని విండోస్ కంప్యూటర్లన్నింటి లాగిన్లను నడిపే పెద్ద సర్వర్ పని కూడా దానితో చేయొచ్చు.

ఇక, ఊరికెనే ఎందుకిచ్చిన్రు అన్న ప్రశ్న. సాంబా జీపీఎల్ అనే లైసెన్స్ కింద ఉంది. ఎవరైనా వాడొచ్చు, లోపల ఏముందో చదవొచ్చు, మార్చొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. మార్చి ఇస్తే ఆ మార్పుల కోడ్ కూడా ఇవ్వాలి. అంటే నేర్చుకున్నోడు తలుపు మూసేయడానికి లేదు. ఇంగ్లీషులో ఫ్రీ అంటే రెండర్థాలు, మన తెలుగులో రెండు వేరే మాటలు: ఉచితం, స్వేచ్ఛ. ఇక్కడ అసలు సంగతి రెండోది. ఇదే ఆలోచనతో హైదరాబాద్‌లో పనిచేస్తున్న సంస్థ పేరు కూడా స్వేచ్ఛనే. వాళ్లు తెలుగులో కనిపించే లైనక్స్ తయారుచేశారు.

మీ హాస్టల్‌లో పెట్టుకోవాలనుకుంటే ఒక జాగ్రత్త. ఎస్‌ఎంబీ పాత వెర్షన్ 1ని ఆపేయండి. 2017 మేలో వనాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది విండోస్‌లోని ఆ పాత దారిలోనే.

చివరగా ఒక మాట. మన ఇండ్లల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం మనమే. స్కాలర్‌షిప్ ఎట్ల పెట్టాలె, కౌన్సెలింగ్‌కు ఏ కాగితాలు కావాలె, కుల ధ్రువపత్రానికి ఎక్కడ అడగాలె, ఇవన్నీ పక్కోణ్ని చూసి, తప్పులు చేసి నేర్చుకున్నం. నేనైతే ఒక కాగితం తక్కువై రెండుసార్లు వాపస్ వచ్చిన. వచ్చే ఏడు వచ్చే తమ్ముడు, చెల్లె కూడా మళ్లీ మొదటినుంచి చూసి నేర్చుకోవాల్నా? మా హాస్టల్‌లో అందరికీ కనిపించే ఆ ఫోల్డర్‌లో "జూనియర్ల కోసం" అని ఒక ఫైల్ తెరిచిన. నాకు తెలిసింది రెండు పేజీలు రాసిన. మీకు తెలిసింది కామెంట్‌లో పెట్టండి, దాంట్లో కలుపుత.