చక్కెర వ్యాధి: తప్పు మన రక్తానిదేనా?

మారిషస్ చెరకు తోటలకు 1834 నుండి ఒప్పందపు కూలీలుగా వచ్చిన భారతీయులలో మన తెలుగు పెద్దలూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీదుగా వారిని "కోరంగీలు" అని పిలిచేవారు. ఆ చెరకు నరికినవారి సంతతిలో నేడు చక్కెర వ్యాధి లేని ఇల్లు అరుదు. "ఇది మన రక్తంలోనే ఉన్నది, ఏమి చేయగలము?" అని మనలో పలువురు నిట్టూరుస్తూ ఉంటారు.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. టి.సి.ఎఫ్.7.ఎల్.2 అనే జన్యువులోని ఒక మార్పు ఈ వ్యాధికి అవకాశం పెంచుతుందని 2006లో ఐస్లాండు పరిశోధకులు కనుగొన్నారు. తల్లి నుండి గాని తండ్రి నుండి గాని ఆ మార్పు ఒకటి సంక్రమిస్తే ప్రమాదం సుమారు 1.4 రెట్లు అవుతుంది. అయితే ఆ మార్పు ఐరోపావారిలోనూ, ఆఫ్రికావారిలోనూ ఉన్నది. మన ఒక్కరి సొత్తు కాదు.

1987లో మారిషస్‌లో జరిగిన సర్వేను గుర్తుచేసుకుందాము. హిందువులు, ముస్లిములు, క్రియోలులు, చైనీయులు అనే నాలుగు వర్గాల పెద్దవారిలోనూ నూటికి సుమారు 10 నుండి 13 మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. వీరి పూర్వికులు వేర్వేరు ఖండాలవారు. వీరందరికీ ఉమ్మడిగా ఉన్నది ఈ దీవి, ఇక్కడ మారిపోయిన తిండి, తగ్గిపోయిన కాయకష్టం.

2006లోనే వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, మితాహారం, వ్యాయామం పాటించినవారిలో ఆ జన్యువు ప్రభావం దాదాపు కనిపించలేదు. కనుక తల్లిదండ్రులకు వ్యాధి ఉన్నవారు నిట్టూర్చి ఊరకుండక, ముందుగానే రక్తపరీక్ష చేయించుకోవాలి. పూట పూటా తినే తిండిని గమనించుకోవాలి, రోజూ నడవాలి. మన పిల్లలకు ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత మనదే.