ఆరుద్ర చదువు

2023 మార్చి 13 పొద్దున ఆఫీసుల్లో చాలామంది పని పక్కన పెట్టి ఆస్కార్ ప్రసారం చూశారు. ‘నాటు నాటు’కి అవార్డు వచ్చింది. కీరవాణి చెప్పాల్సిన నాలుగు మాటలూ పాటగా పాడేశాడు, పక్కన నిలబడ్డ చంద్రబోస్ చివర్లో ‘నమస్తే’ అన్నాడు. మామూలుగా టీవీలో మన సినిమా అవార్డుల ఫంక్షన్ చూస్తే, పాట రాసినవాడి వంతు యాంకర్ల జోకులకీ డాన్సులకీ మధ్య ఎక్కడో వచ్చి వెళ్లిపోతుంది. అందుకే ఆ ఒక్క నమస్తేకి కూడా పొంగిపోయాం.

దానికి పది రోజుల ముందే, మార్చి 3న, కె. రామలక్ష్మి గారు పోయారు. ఆవిడ సొంతంగా పేరున్న రచయిత్రి, విమర్శకురాలు. ఆవిడ భర్త ఆరుద్ర. ఈ రెండు వార్తలూ పక్కపక్కన వచ్చినప్పుడు నాకు ఆరుద్ర మళ్లీ గుర్తొచ్చాడు. ఆయన కూడా సినిమా పాటలు రాసినవాడే, పైగా మా విశాఖపట్నం మనిషి. కానీ ఆయన చేసిన అసలు పని ఏ అవార్డు ఫంక్షన్‌లోనూ పట్టేది కాదు.

భాగవతుల సదాశివ శంకరశాస్త్రి 1925 ఆగస్టు 31న విశాఖలో పుట్టాడు. శ్రీశ్రీకి మేనల్లుడు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలిపోయింది. ఆరుద్ర కాలేజీ చదువుకి విజయనగరం వెళ్లింది ఆ ఏడాదే. అక్కడ చాసో, రోణంకి అప్పలస్వామి లాంటివాళ్ల సావాసం దొరికింది, మార్క్సిజం దొరికింది, డిగ్రీ మాత్రం దొరకలేదు. 1943లో చదువు వదిలేసి వైమానిక దళంలో చేరాడు, 1947 దాకా అక్కడే ఉన్నాడు. అంటే తరగతి గదితో ఆయన సంబంధం పద్దెనిమిదేళ్లకే తెగిపోయింది.

ఆ మనిషి 1960ల్లో ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ పన్నెండు సంపుటాలు రాశాడు. ఎమెస్కో వాళ్లు వేశారు. విశ్వవిద్యాలయంలో ఒక శాఖ మొత్తం కూర్చుని, గ్రాంటు తెచ్చుకుని, కమిటీ వేసుకుని చెయ్యాల్సిన పని అది.

ఎంత రాశాడన్నది అలా ఉంచండి, ఎలా రాశాడన్నది ఇంకా ముఖ్యం. వీరేశలింగం గారి ‘ఆంధ్ర కవుల చరిత్రము’ కవి తర్వాత కవిగా నడుస్తుంది. ఆరుద్ర కాకతీయులు, రెడ్డిరాజులు, రాయలు, నాయకరాజులు, చివరికి కుంఫిణీ అంటూ పాలకుల కాలాలుగా విడగొట్టాడు. పద్యం కన్నా ముందు అది పుట్టిన లోకం గురించి అడుగుతాడు. రాజ్యం ఎవరిది, కవికి తిండి పెట్టింది ఎవరు, కృతి పుచ్చుకున్నవాడికి అందులో ఒరిగిందేమిటి? విజయనగరంలో అబ్బిన మార్క్సిజం ఇక్కడ పనికొచ్చిందని నా అనుమానం. ఈ పద్ధతికి ఇబ్బందీ ఉంది. ఏ రాజుతోనూ పనిలేని వేమనని ఏ అరలో పెడతాం? వేమన మీద ఆరుద్ర విడిగా పుస్తకం రాయడం నాకైతే వింతగా అనిపించదు.

ఇంత చదువు ఎక్కడ చదివాడు? మద్రాసులో. అప్పటికి తెలుగు సినిమా అక్కడే ఉంది. బ్రౌన్ దొర పోగుచేసిన తెలుగు రాతప్రతులున్న ప్రాచ్య లిఖిత గ్రంథాలయం కూడా ఆ ఊళ్లోనే ఉంది, కన్నెమరా లైబ్రరీ కూడా. పాటలతో ఇల్లు గడుపుకునే మనిషికి పాత పుస్తకాలు సిటీబస్సు దూరంలో ఉండటం చిన్న అదృష్టం కాదు. తర్వాత సినిమా హైదరాబాద్ వచ్చేసింది, ఆ రాతప్రతులు అక్కడే ఉండిపోయాయి.

పన్నెండు సంపుటాలు చూసి గంభీరమైన పండితుణ్ణి ఊహించుకోకండి. తెలుగులో తొలి కౌబాయ్ సినిమా ‘మోసగాళ్ళకు మోసగాడు’కి 1971లో రచన చేసింది ఈయనే. ‘పలకల వెండిగ్లాసు’ అని డిటెక్టివ్ నవల రాశాడు. చదరంగం మీదా రాశాడు. టైంపాస్ చదువు వేరు, పనికొచ్చే చదువు వేరు అనే లెక్క ఆయన దగ్గర ఉన్నట్టు కనబడదు. చూస్తే, ఒక పాత కావ్యం తేదీ తేల్చడం కూడా డిటెక్టివ్ పనే కదా.

మా ఊళ్లో ఆ లెక్క బాగా స్థిరపడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. 1982లో హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, దేశంలో అదే మొదటిది. పోర్టులో, స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేస్తూ డిగ్రీ కట్టినవాళ్లు ఏ కాలనీలో అడిగినా దొరుకుతారు. నైట్ షిఫ్ట్ దిగి, నిద్ర కళ్లతో పరీక్ష రాసి, ప్రమోషన్ తెచ్చుకోవడం తక్కువ పనేం కాదు. వాళ్లని చూసి వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. నాకు చిరాకు మా సాఫ్ట్‌వేర్ వాళ్ల సంగతి. ఏడాదికిన్ని గంటల ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చెయ్యాలి. వీడియో ఒక కిటికీలో నడుస్తుంటుంది, మనం ఇంకో కిటికీలో పని చేసుకుంటుంటాం, చివర్లో సర్టిఫికెట్ వస్తుంది. ఆరుద్రకి చివర్లో వచ్చేదేమీ లేదు, ఇంకో సంపుటం తప్ప.

అవార్డులు అసలు రాలేదని కాదు. 1987లో కేంద్ర సాహిత్య అకాడమీ ఇచ్చింది, అదీ ‘గురజాడ గురుపీఠం’ అనే వ్యాసాల పుస్తకానికి. అప్పటికి సంపుటాలు వచ్చి ఇరవై ఏళ్లు కావొస్తోంది. మామయ్య శ్రీశ్రీకి ‘అల్లూరి సీతారామరాజు’ పాటకి జాతీయ అవార్డు వచ్చింది, అది 1974 సినిమా. హైదరాబాద్‌లో దూరదర్శన్ మొదలైందే 1977లో. ఎవరూ టీవీ ముందు కూర్చుని పొంగిపోయే వీల్లేదు.

నేను ఆ సంపుటాలు వరసగా చదవలేదు, అలా చదవక్కర్లేదు కూడా. రాయల కాలం దగ్గర ఆగిపోయాను. గజపతుల మీద దండెత్తి వచ్చిన రాయలు సింహాచలం వచ్చి శాసనాలు వేయించాడు, 1516లో ఒకసారి, 1519లో ఇంకోసారి. చిన్నప్పటి నుంచీ దర్శనం క్యూలో ఆ రాళ్ల పక్కనే నిలబడుతున్నాం. ఈసారి వెళ్లినప్పుడు ప్రసాదం కౌంటర్ వైపు పరిగెత్తే ముందు మావాడికి ఆ అక్షరాలు చూపించాలి.