ముందు పాడే ఆమెకు పేరుందా?

పెళ్లిళ్ల సీజన్‌లో వరంగల్ కొత్తవాడ సందుల్లోకి బరాత్ వచ్చిందంటే ముందు కిటికీ అద్దాలు అదురుతాయి, ఆ తర్వాత పాట వినపడుతుంది. డీజే బండి మీద మోగేది సినిమా పాటే అయ్యుండాలన్న రూలు ఎప్పుడో పోయింది. యూట్యూబ్‌లో పుట్టిన ఫోక్ సాంగులు సినిమా పాటలతో సమానంగా చిందులేయిస్తున్నాయి. వాటిలో జనం నోట నిలిచినవి చాలా వరకు ఆడగొంతులవే. హీరో లేకుండా, కథ లేకుండా ఒక ఆడమనిషి పాడిన ఒక్క పల్లెపాట ఊళ్లకు ఊళ్లను ఊపడం మనకు కొత్త. ఆడమనిషి ముందు పాడటం మాత్రం కొత్త కాదు.

బతుకమ్మ చుట్టూ ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ఎత్తుకునే ఆమెకు చరణాలన్నీ నోటికి ఉండాలి, దమ్ముండాలి, ఎవరైనా తడబడితే పాటను మళ్లీ దారికి తేగలగాలి. నాట్లలోనూ దంపుళ్లలోనూ ఇదే పద్ధతి. జంపఖానాలకు పేరుపడ్డ కొత్తవాడ లాంటి నేతవాడల్లో రాట్నం ముందు కూర్చుని గంటల తరబడి కండెలు చుట్టిన చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే. చేతులకు పనున్నచోట నోటికి తీరిక దొరుకుతుంది. వరంగల్ దగ్గరి దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేశారు. 1958లో 'తెలుగు జానపద గేయ సాహిత్యము' అచ్చయ్యాక ఈ పాటలకు చదువుకున్నవాళ్ల లోకంలో గౌరవం దక్కింది. ఆ కాలపు సేకరణలు తిరగేస్తే పాట దొరుకుతుంది కానీ, పాడిన ఆమె పేరు చాలాసార్లు దొరకదు. 2018లో వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, భౌగోళిక గుర్తింపు వచ్చినా, జంపఖానా అంచు మీద నేసినవాళ్ల పేరు ఉండనట్టే.

పేరు మొదట దక్కింది గ్రామఫోను, రేడియో దాకా వెళ్లగలిగిన ఇళ్ల ఆడపిల్లలకు. వింజమూరి అనసూయ, సీత పల్లెల్లో విన్న పాటలను వేదికకూ రేడియోకూ తెచ్చారు. వాళ్ల సేవను తక్కువ చేయలేం. అయినా పాటను మోసుకొచ్చిన పల్లె గొంతు అప్పటికింకా స్టూడియో గడప తొక్కలేదు.

ఈ అడ్డు మన దగ్గరే కాదు. అమెరికాలో పల్లెపాటకు, అంటే కంట్రీ మ్యూజిక్‌కు, 1920లలోనే రికార్డు కంపెనీలు మార్కెట్టు చూపించాయి. ఆడదాని పేరు మీద రికార్డు అమ్ముడుపోదన్న నమ్మకం మాత్రం అక్కడా గట్టిగానే ఉండేది. 1952లో గాయని కిట్టీ వెల్స్ ఒక్క పాటతో దాన్ని పటాపంచలు చేసింది. ఆడదాన్ని తప్పుబట్టిన ఒక మగ గాయకుడి హిట్టుకు, మరి మగవాళ్ల సంగతేమిటని ఎదురడిగిన పాట అది. ఎన్‌బీసీ రేడియో నిషేధించినా, బిల్‌బోర్డ్ కంట్రీ జాబితాలో సోలోగా మొదటి స్థానం అందుకున్న తొలి మహిళగా ఆమె నిలిచింది. రికార్డింగుకు వచ్చే 125 డాలర్ల కోసమే ఒప్పుకున్నానని ఆమే తర్వాత చెప్పింది. ఆ పాట రాసింది మగవాడే, అది వేరే సంగతి.

మన దగ్గర క్యాసెట్ల కాలంలో పల్లె ఆడగొంతు ఉద్యమాల వెంట నడిచింది. అరుణోదయ కళాబృందం విమలక్క గజ్జె కట్టి ఊరూరా తిరిగింది. భువనగిరిలో స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలు బెల్లి లలిత తెలంగాణ పాటై లేచింది. 1999లో ఆమెను కిరాతకంగా చంపేశారు. ఆ తర్వాత గోదావరిఖని నుంచి వచ్చిన చిన్నపిల్ల మధుప్రియ ఆడపిల్ల బాధ మీద పాడిన పాట ఇంటింటా వినిపించింది. ఇవన్నీ జనంలో హిట్లే. కానీ వీటిని ఎవరూ సింగిల్స్ అనలేదు, డబ్బుల లెక్కా కట్టలేదు.

లెక్క యూట్యూబ్‌తో మొదలైంది. టీవీలో 'రేలా రే రేలా' కార్యక్రమం, ఏటేటా వీ6 ఛానల్ బతుకమ్మ పాటలు దారి వేస్తే, అనంతపురం జిల్లా బంజారా తండా నుంచి వచ్చిన మంగ్లీ ఆ దారిలో స్టారైంది. 2021 ఫిబ్రవరి 28న ఆమె గొంతులో 'సారంగదరియా' విడుదలైంది. ఆ పాట ఉన్న 'లవ్ స్టోరి' సినిమా థియేటర్లకు వచ్చింది సెప్టెంబరులో. అప్పటికే పాట పది కోట్ల వీక్షణలు ఎప్పుడో దాటేసింది. అసలు రగడ ఇక్కడే. ఉమ్మడి వరంగల్ జిల్లా గాయని కోమలి ఈ పాటను తాను ఎన్నో ఏళ్ల కిందటే టీవీ వేదిక మీద పాడానని, తన పేరు ఎక్కడని అడిగింది. పల్లవి జానపదానిది, చరణాలు సినిమాకు రాసిన సుద్దాల అశోక్‌తేజవి. జానపదం అందరిదీ అన్నారు కొందరు. అందరిదీ అయినప్పుడు డబ్బు కొందరికే ఎందుకు పోతుందన్నది నా ప్రశ్న. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల చొరవతో గొడవ సామరస్యంగా ముగిసింది. కాపీరైట్ చట్టంలో 1994 సవరణ గాయకులకు ప్రదర్శన హక్కు ఇచ్చింది, 2012 సవరణ రాయల్టీ చేర్చింది. ఎవరు కట్టారో తెలియని పాటను నోట దాచి బతికించిన ఆమె గురించి మాత్రం చట్టం నోరు విప్పలేదు. కోమలి అడగకపోతే ఆ మాటే వచ్చేది కాదు.

ఆ ఏడే 'బుల్లెట్టు బండి' వచ్చింది. ఇది నికార్సైన ప్రైవేటు పాట. లక్ష్మణ్ రాశారు, ఎస్.కె. బాజీ బాణీ కట్టారు, ఏలూరు అమ్మాయి మోహన భోగరాజు పాడింది. ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో ఈ పాటకు వరుడి ముందు ఆడిన వీడియో ఫోన్లన్నీ చుట్టేసింది. పాత అప్పగింతల పాటలో అమ్మాయి ఏడవాలి, తల్లి ఏడవాలి, వింటున్న ముత్తయిదువలూ కళ్లకు కొంగు అద్దుకోవాలి. ఇక్కడా సందర్భం అదే, పుట్టిల్లు వదిలే ఘడియే. కానీ ఈ పాటలో అమ్మాయి ముస్తాబై, తనను ఎలా పెంచారో గర్వంగా చెప్పుకుని బండెక్కుతుంది. ఏడుపు స్థానంలో స్టెప్పు వచ్చింది. పెద్దవాళ్లు కొందరు మూతి ముడిచారు. ఇన్నేళ్ల అప్పగింతల పాటల చరిత్రలో ఇంత పెద్ద మలుపు మరొకటి లేదని నేనంటాను.

ఈ వరస ఇంతటితో ఆగదు. సిద్దిపేట వైపు నుంచి కనకవ్వ పెద్ద వయసులో యూట్యూబ్‌కెక్కి మనవరాలి ఈడు పిల్లల చేత చిందులేయించింది. 2025లో మోగిన 'రాను బొంబాయికి రాను'లో రాము రాథోడ్‌తో గొంతు కలిపింది ప్రభ. ఇప్పుడు ఏ ఫోక్ సాంగ్ థంబ్‌నెయిల్ చూసినా డాన్సర్ బొమ్మే పెద్దగా ఉంటుంది. కొత్తవాడ కుర్రాళ్లకు ఆ డాన్సర్ ఇన్‌స్టా ఖాతా కూడా తెలుసు. పాడిందెవరో తెలియాలంటే వీడియో కింద 'మోర్' నొక్కి, నిర్మాత, కెమెరా, ఎడిటింగ్ పేర్ల మధ్య వెతుక్కోవాలి.