ఇటలీ ఇండ్లలో పాస్టా యంత్రము

గోధుమపిండి ముద్దతో ఇటలీవారు చేయు సేమియావంటి వంటకములన్నిటికిని పాస్టా అని పేరు. దీనిని మార్కో పోలో చైనానుండి తెచ్చెనని ఒక కథ వాడుకలో నున్నది. చరిత్ర దానిని సమర్థింపదు. ఆయన వెనిస్ నగరమునకు తిరిగివచ్చినది 1295లో. అంతకు పదునారేండ్లకు ముందే, 1279లో, జెనోవా నగరమున వ్రాయబడిన ఒక సైనికుని ఆస్తిపట్టికలో పెట్టెడు మకరోనీ పేర్కొనబడినది. సిసిలీ ద్వీపమందలి త్రాబియాలో పిండితో సన్నని పోగులు చేసి ఓడలపై పరదేశములకు పంపుచుండిరని అరబ్బు భూగోళవేత్త అల్ ఇద్రీసీ 1154లోనే వ్రాసెను.

పాస్టా చేయుటకు ముఖ్యముగా రెండు పద్ధతులు కలవు. మన జంతికలవలె ముద్దను చిల్లులగుండ నొక్కి తీయుట యొకటి. అప్పడమువలె కఱ్ఱతో పలుచగా ఒత్తి కోయుట రెండవది. మొదటిదానికి బలము మిక్కిలి కావలెను. పదునేడవ శతాబ్దమున నేపుల్స్ నగరమున పిండి పిసుకు మరలు, నొక్కు మరలు వ్యాపించి పాస్టా చౌకయయ్యెను; పేదలకు నిత్యాహారమయ్యెను. కాని ఆ పని గడప దాటి కార్ఖానాకు పోయెను.

రెండవ పద్ధతి బొలోనా ప్రాంతపు ఇండ్లలో నిలిచినది. నూరు గ్రాముల మెత్తని గోధుమపిండికి ఒక కోడిగ్రుడ్డు చొప్పున కలిపి, బాగుగ మర్దించి, అరగంట నాననిచ్చి, పొడవైన కఱ్ఱతో ఒత్తుదురు. ఆ శ్రమ స్త్రీల భుజములపై పడుచుండెను. దానిని తగ్గించుటకే ఇరువదవ శతాబ్దమున చేతిమర వచ్చెను. 1930 ప్రాంతమున టురిన్, పడోవా నగరముల సమీపమున ఇట్టి మరలు చేయు సంస్థలు వెలసెను.

ఇందు రెండు ఉక్కు రోలర్లు ఉండును. మొదట వాని మధ్య సందు వెడల్పుగా నుంచి, ముద్దను పంపి, మడిచి, మరల పంపుదురు. పిమ్మట సందు క్రమముగా తగ్గింతురు. పలుచని రేకును గాళ్లున్న మరియొక రోలర్ల జత పట్టీలుగా కోయును.

కఱ్ఱతో ఒత్తిన రేకు కొంచెము గరుకుగా నుండి రసమును బాగుగ పట్టునని బొలోనా గృహిణులు నేటికిని చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని తీరికలేని ఇండ్లలో ఈ పని అంగడి పాలు గాకుండ కాపాడినది ఈ చిన్నమరయే అని మేము తలంతుము. టాల్యతెల్లె అను పట్టీ వెడల్పు, ఉడికిన పిదప, 8 మిల్లీమీటర్లుండవలెనని 1972లో బొలోనా వాణిజ్యమండలిలో నమోదు చేసి, బంగారు నమూనా నుంచిరి. మర ఆ కొలతకు కోయగలదు. ముద్దకు మరికొంత పిండి కావలెనో, తడి కావలెనో చెప్పవలసినది మాత్రము ఇంటివారి చేతులే.