టెండర్ తలుపు ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు?

సిత్రాలో మన తెలుగువాళ్లు చాలామంది కాంట్రాక్టు కంపెనీల్లో పనిచేస్తున్నారు. రిఫైనరీ అయినా, ఆయిల్ ట్యాంకులైనా ముందు టెండర్, ఆ తర్వాతే మనుషులు. అందుకే "టెండర్ మాకే ఖాయం, లోపల మాటైపోయింది, వీసాకు డబ్బు కట్టండి" అనే మాట ఊళ్లో ఇళ్ల దాకా పోతుంది. టెండర్‌లో ఏ దశ బహిరంగమో, ఏది రహస్యమో తెలిస్తే ఆ మాట విలువెంతో తెలుస్తుంది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

బహ్రెయిన్‌లో ఎలా?

ప్రభుత్వ కొనుగోళ్లకు ఆధారం 2002 నాటి 36వ నంబరు డిక్రీ చట్టం. వాటిని టెండర్ బోర్డు చూస్తుంది. మంత్రిత్వ శాఖలవే కాదు, ప్రభుత్వ చమురు సంస్థ బాప్కో టెండర్లు కూడా అక్కడే తెరుస్తారు.

1. తెరవడం బహిరంగం. ఎవరెవరు టెండర్ వేశారో అందరి ముందూ చెబుతారు. రెండు కవర్ల పద్ధతిలో ముందు సాంకేతిక కవర్ తెరుస్తారు. అందులో నెగ్గినవారి ధరల కవర్ తర్వాత తెరుస్తారు.

2. పరిశీలన రహస్యం. ఒక కంపెనీ డ్రాయింగులు, ఖర్చుల లెక్కలు పోటీదారు చేతికి పోకూడదు. పరిశీలించే అధికారుల మీద ఒత్తిడీ రాకూడదు. తలుపు మూయడానికి సరైన కారణాలు ఇవే.

3. నిర్ణయం బహిరంగం. పని ఎవరికి, ఎంతకు ఇచ్చారో బోర్డు వెబ్‌సైట్‌లో పెడతారు.

రెండో దశలో బయటికొచ్చే ప్రతి మాటా పుకారే. తక్కువ ధర వేసినంత మాత్రాన పని దక్కినట్టు కాదు.

మన దేశంలో

2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(డి) వ్యాపార రహస్యాలను కాపాడుతుంది. అయితే విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాల్సిందే అంటుంది. అంటే కాంట్రాక్టు అన్నంత మాత్రాన ఫైలంతా దాచడానికి లేదు. భారత పౌరులెవరైనా, గల్ఫ్‌లో ఉన్నా సరే, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలను 10 రూపాయల ఫీజుతో ఆన్‌లైన్‌లో అడగవచ్చు.

డబ్బు కట్టే ముందు

ఏ టెండర్, ఎవరి పేరున ఖాయమైందో ఏజెంటును అడగండి. బోర్డు జాబితాలో ఆ పేరు చూడండి. సబ్‌కాంట్రాక్టర్ల పేర్లు అందులో కనిపించకపోవచ్చు. అప్పుడు అసలు కాంట్రాక్టరు ఎవరో అడిగి, వారిచ్చిన వర్క్ ఆర్డర్ చూపించమనండి. ఏజెంటు లైసెన్సును ఈ-మైగ్రేట్ సైట్‌లో సరిచూసుకోండి. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా తీసుకోగల సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. రసీదు ఇవ్వనంటే ఇక మాట్లాడాల్సిన పనే లేదు.

ఊళ్లో అప్పు చేసి డబ్బు కట్టబోతున్నవారెవరైనా మీకు తెలిస్తే ఈ వివరాలు వారికి చెప్పండి.