శ్రీరంగద్వీపపు తిరునాళ్ళు – తెలుగువారి కైంకర్యము

తిరుచిరాపల్లి సమీపమున కావేరీనది రెండు పాయలుగా చీలుచున్నది. దక్షిణపు పాయకు కావేరి యనియు, ఉత్తరపు పాయకు కొళ్ళిడమనియు పేరు. ఈ రెండింటి నడుమ నేర్పడిన ద్వీపమే శ్రీరంగము. సప్తప్రాకారముల నడుమ రంగనాథుడు శయనించియున్న ఈ దీవిలో ఉత్సవము లేని మాసము లేదు. ఆ యుత్సవముల పేళ్ళను, పూర్వోత్తరములను పరిశీలించినచో, దక్షిణదేశమున స్థిరపడిన తెలుగువారి చరిత్రయు కొంత గోచరించును.

కొందరు స్వభాషాభిమానముచేత ఈ తిరునాళ్ళన్నియు విజయనగర ప్రభువులును, నాయకరాజులును ఏర్పరచినవే యని తలంతురు. అది సరికాదు. ధనుర్మాసమున జరుగు అధ్యయనోత్సవము వారికంటె మిక్కిలి ప్రాచీనమైనది. వైకుంఠైకాదశికి ముందు పది దినములు ‘పగల్ పత్తు’ అనియు, ఏకాదశి మొదలు పది దినములు ‘రాప్పత్తు’ అనియు వ్యవహారము. అరయరులు ఆళ్వారుల పాశురములను గానముచేసి, అభినయింతురు. ఏకాదశినాటి వేకువను పరమపదద్వారము తెరువబడును. స్వామి దాని గుండ వెడలి, వేయికాళ్ళ మండపమునకు వేంచేయును. పంగుని మాసపు ఆదిబ్రహ్మోత్సవమును పురాతనమే. ఉత్తరా నక్షత్రమునాడు రంగనాథుడును, రంగనాయకియు ఒకేచోట దర్శనమిత్తురు. ఈ చేర్తిసేవ సంవత్సరమున కొక్క దినమే లభించును.

అయిన తెలుగువారి పాత్ర యేమి? 1311లోను, మరల 1323లోను ఢిల్లీ సైన్యములు ఈ ద్వీపముపై బడెను. రెండవ దండయాత్ర కాలమున పిళ్ళై లోకాచార్యులు మొదలగువారు ఉత్సవమూర్తిని రహస్యముగా దీవి దాటించిరి. ఆ మూర్తి పెక్కుచోట్ల తిరిగి, కడకు తిరుమల చేరెను. తిరుమల ఆలయమునందలి రంగనాయకుల మండపము నేటికిని ఆ యాశ్రయమును స్మరింపజేయుచున్నది. విజయనగర సేనాని గోపణార్యుడు ఆ మూర్తిని చెంజి మీదుగా గొనివచ్చి, 1371లో శ్రీరంగమున పునఃప్రతిష్ఠ చేయించెను. ఈ వృత్తాంతమును దెలుపు సంస్కృత శ్లోకశాసనము ఆలయమునందే కలదు. నలువది యెనిమిది సంవత్సరములు స్వస్థానమునకు దూరమైయున్న స్వామి ఇట్లు తన దీవికి మరలివచ్చెను.

అటుపిమ్మట 1383లో విరుపణ్ణ ఒడయరు నిలిచిపోయిన బ్రహ్మోత్సవమును మరల జరిపించెను. చిత్తిరై మాసపు ఆ యుత్సవమును నేటికిని ‘విరుప్పన్ తిరునాళ్’ అనియే పిలుతురు. తై మాసపు ఉత్సవమునకు మరియొక విజయనగర రాజకుమారుని పేర ‘భూపతి తిరునాళ్’ అని పేరు. తై తేరు ఉత్తరవీథులలోను, చిత్తిరై తేరు దానికి వెలుపలి చిత్తిరవీథులలోను సాగును. చిత్తిరై తేరుకు శ్రీవిల్లిపుత్తూరు నుండి గోదాదేవి ధరించిన మాల వచ్చును. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో తెలుగు చేసినది ఆ గోదాదేవి కథనే గదా!

ఇక మధుర నాయకుల మాట. వీరి మాతృభాష తెలుగు. వీరిలో విజయరంగ చొక్కనాథుడు 1706 నుండి 1732 వరకు ఏలెను. కార్తిక శుద్ధమున వచ్చు కైశిక ఏకాదశి రాత్రి స్వామికి 365 వస్త్రములు సమర్పించి, కైశికపురాణమును పఠింతురు. మరునాటి యుదయమున స్వామి మెట్లెక్కునపుడు కర్పూరపు పొడి చల్లుదురు. ఈ నాయకు డొక యేడు ఆలస్యముగా వచ్చి ఆ సేవను గానక, మరుసటి యేటివరకు దీవిలోనే నిలిచెనని స్థలకథనము. కథ యెట్లున్నను, ఆలయమునందు సకుటుంబముగా చేతులు జోడించి నిలిచియున్న ఆతని ప్రతిమలు ఆతని భక్తికి సాక్ష్యములు. ఆతడు శ్రీరంగమాహాత్మ్యమును తెలుగు వచనమున రచించెను. తరువాతి కాలమున త్యాగరాజస్వామి ఈ దేవునిపై పాడిన ఐదు తెలుగు కీర్తనలు శ్రీరంగపంచరత్నములని ప్రసిద్ధికెక్కెను.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. అధికారము చేతనున్నను, ఈ ప్రభువులు ప్రబంధపు తమిళమును తొలగించి తమ భాషను నిలుపలేదు. ఆగిన తేరును కదలించిరి; తేరు ముందటి పాటను మార్చలేదు. తమ తెలుగును గ్రంథముగా, కీర్తనగా స్వామికి విడిగా సమర్పించిరి. ఇరుగుపొరుగు భాషల నడుమ బ్రతుకువారికి ఇంతకంటె మంచి మర్యాద యుండదు.

కాని ఆ మర్యాదకు రెండవ సగము కూడ కలదు. పరభాషను గౌరవించుట యనగా స్వభాషను విడుచుట కాదు. తమిళదేశమున ఇంట తెలుగు మాటాడుచు, తెలుగక్షర మెరుగని కుటుంబము లెన్నియో యున్నవి. విజయరంగుని వచనము చేతికిచ్చినను వారి పిల్లలు చదువలేరు. విరుపణ్ణ యెవరో ఎరుగని పల్లెవాసి నోటను ఆతని పేరు ఆరువందల యేండ్లకు పైగా నిలిచియున్నది. శాసనమున చెక్కినందున గాదు, ఏటేట తేరు లాగుచున్నందుననే నిలిచినది. భాషయు నట్టిదే. తమిళమును చక్కగా నేర్చుచు, దినమున కొక పుటయైన తెలుగు చదివించు ఇల్లు ఆ పూర్వుల కైంకర్యమును కొనసాగించుచున్న ఇల్లే యగును.