బ్లైండ్ టేస్టింగ్

బ్లైండ్ టేస్టింగ్ అనగా పానీయము పేరు, తయారీదారు, ధర తెలియనీయకుండా రుచి చూపించి అభిప్రాయము సేకరించు పద్ధతి. దీనిని తెలుగులో అజ్ఞాత రుచి పరీక్ష అనవచ్చును. కళ్ళకు గంతలు కట్టవలసిన పని లేదు, సీసాను దాచిన చాలును. చవక ఎర్ర వైన్లను మిత్రులు కలసి పోల్చుకొనుటకు ఇది అనువైన పద్ధతి.

చరిత్ర

1976 మే 24న పారిస్‌లో బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ జరిపించిన పరీక్ష ప్రసిద్ధమైనది. ఫ్రెంచి న్యాయనిర్ణేతలే తమ దేశపు వైన్లను కాదని, ఎర్రవాటిలో కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్‌కు, తెల్లవాటిలో షాటో మాంటెలీనాకు ప్రథమ స్థానమిచ్చారు. బోర్డోలో వైన్ తయారీ శాస్త్రము చదువుతున్న 54 మంది విద్యార్థులకు, వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్ ఇచ్చినప్పుడు వారు దానిని ఎర్ర వైన్‌కు వాడు మాటలతోనే వర్ణించారు. ఈ ఫలితము 2001లో ప్రచురితమైనది. అమెరికాలో 6,000కు పైగా అజ్ఞాత పరీక్షలను పరిశీలించిన 2008 నాటి అధ్యయనములో, శిక్షణ లేనివారు ఖరీదైన వైన్లను సగటున కొంచెము తక్కువగానే మెచ్చుకొన్నట్లు తేలింది.

హైదరాబాదులో

తెలుగువారి వాడుకలో వైన్ షాపు అనగా సకల మద్యములు అమ్ము దుకాణము. అందులో అసలైన వైన్‌కు దక్కునది ఒక మూల మాత్రమే. హైదరాబాదుకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తినుటకు పండించునది. దేశీయ వైన్లలో నాసిక్ ప్రాంతపు సూలా, బెంగుళూరు సమీపములోని నంది కొండల వద్ద మొదలైన గ్రోవర్, షోలాపూరు జిల్లా అక్లూజ్‌కు చెందిన ఫ్రాటెల్లి ముఖ్యమైనవి.

ఇక్కడ ధరను బట్టి నాణ్యతను ఊహించుట మరింత కష్టము. 2021 కేంద్ర బడ్జెట్‌లో దిగుమతి వైన్‌పై 50 శాతము మూల సుంకము, 100 శాతము వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు విధించారు. ఆ లెక్కన 500 రూపాయల సీసా రాష్ట్ర పన్నులకు ముందే 1,250 రూపాయలగును. పెరిగినది పన్నే గాని రుచి కాదు. అందుచేత నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి ప్రాంతాల ఐటీ ఉద్యోగులు వారాంతమున నలుగురు చేరి విదేశీ సీసాను దేశీయ సీసాతో పోల్చదలచినచో, సీసాలు దాచిపెట్టుట తప్పనిసరి.

విధానము

ఒకే ద్రాక్ష రకపు వైన్లను, ఉదాహరణకు షిరాజ్ లేదా కాబర్నే సావిన్యోన్‌ను, నాలుగైదింటిని ఎన్నుకొని, సీసాలను కాగితపు సంచులలో ఉంచి అంకెలు వేయవలెను. సంచులలో పెట్టినవారు వడ్డించరాదు. వారి ముఖకవళికలే జవాబు చెప్పివేయును. గది ఉష్ణోగ్రత అన్న పాశ్చాత్య సలహా హైదరాబాదు వేసవికి పనికిరాదు. ఎర్ర వైన్‌కు 16 నుండి 18 డిగ్రీలు చాలును గనుక ముందుగా అరగంట ఫ్రిజ్‌లో ఉంచవలెను. మిరపకాయ బజ్జీలు పరీక్ష ముగిసిన తరువాతనే. అందరూ మార్కులు వ్రాసి ముగించువరకు ఎవరూ నోరు విప్పరాదు. ఒకరు బాగున్నదనగానే మిగిలినవారు వారి వెంట పోవుదురు.

రుచిభేదము నిజముగా తెలియుచున్నదా అని తేల్చుకొనుటకు త్రికోణ పరీక్ష కలదు. మూడు గ్లాసులలో రెండింట ఒకే వైన్ పోసి, వేరైనదానిని గుర్తింపుమందురు. ఊహతో ఒకసారి నెగ్గు అవకాశము మూడింట ఒకటి. వరుసగా నాలుగుసార్లు నెగ్గు అవకాశము 81లో ఒకటి మాత్రమే.

నియమములు

తెలంగాణలో 21 సంవత్సరములు నిండనివారికి మద్యము అమ్మరాదు. వాహనము నడుపువారి రక్తములో అనుమతించిన పరిమితి 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు. వృత్తి నిపుణులు రుచి చూసి ఉమ్మివేయుదురు. ఆ అలవాటు లేని మిత్రులు కారు తాళములు ఇంటివద్దనే వదలి రావలెను.